బోణీ బ్రౌజర్

మా షావుకారు దృష్టిలో ఇంటర్నెట్టుకు కూడా బోణీ ఉండేది. ఇప్పటి పిల్లలతో ఈ మాట అంటే కల్పించి చెబుతున్నాననుకుంటారు. కల్పించాల్సిన ఖర్మ నాకేం పట్టింది? ఆ ఆఫీసులో పనిచేసినన్నాళ్ళూ చూసిన తెలివితక్కువతనం నా జన్మకు సరిపోతుంది.

శ్రీకాకుళం నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు మీద ఒక ఐసు ఫ్యాక్టరీ, దాని మేడ మీద ఒక గది. ఆ గదే ఆఫీసు. కింద ఐసు దిమ్మలు పగలగొట్టే చప్పుడు, పైన నీచువాసన. రేవుల్లో పడవలు ఒడ్డుకు చేరినప్పుడు చేపలూ రొయ్యలూ కొని, ఐసు వేసి, విశాఖపట్నం కంపెనీలకు వ్యానుల్లో పంపడం మా షావుకారు వ్యాపారం. అక్కడ నేను కంప్యూటర్ మనిషిని. కంపెనీల నుంచి వచ్చే మెయిళ్ళు చదివి తెలుగులో చెప్పడం, ఆయన తెలుగులో చెప్పింది ఇంగ్లీషులో రాసి పంపడం నా పని. నేను మిషన్ కాంపౌండ్‌లో పుట్టి పెరిగినదాన్ని. మా నాన్న మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. నాకు వచ్చిన ఇంగ్లీషంతా ఆ కాంపౌండ్ బడి పెట్టిన భిక్షే. అంత కష్టపడి నేర్చుకున్న ఇంగ్లీషు చివరికి రొయ్యల సైజుల గురించి ఉత్తరాలు రాయడానికి పనికొచ్చింది.

షావుకారు బొత్తిగా తెలివిలేని మనిషని అనను. తాతల నాటి నుంచి సముద్రం మీద బతికిన కుటుంబం వాళ్ళది. రేవులో నిలబడితే ఆయన్ని మోసం చేయగల మనిషి పుట్టలేదు. చేప మొప్ప ఎత్తి ఒక్క చూపు చూసి, ఇది తెల్లారగట్ట పట్టింది కాదు, నిన్నటిది, అని పక్కకు విసిరేసేవాడు. ఆ చేపలమ్మినవాడు నోరెత్తేవాడు కాదు. అలాంటి మనిషి మేడ మెట్లెక్కేటప్పుడు మాత్రం చెప్పులతో పాటు బుర్రను కూడా కిందే విడిచి వచ్చేవాడు.

కంప్యూటర్ కొన్నప్పుడు ముహూర్తం పెట్టించారు. పంతులుగారు వచ్చి మానిటర్‌కు మూడు వైపులా పసుపు రాసి, నాలుగో వైపు స్క్రీన్ కదా అని వదిలేశారు. కీబోర్డు మీద అక్షింతలు వేశారు. వాటిలో రెండు గింజలు స్పేస్ మీట కింద ఇరుక్కుని, నేను ఉద్యోగం మానేసేదాకా అక్కడే ఉన్నాయి. ఆ ముహూర్తంలో మెయిల్ ప్రోగ్రాం తెరిచి, ఒక కంపెనీ పంపిన మెయిల్లో లింకు నొక్కితే, కంప్యూటర్‌తో పాటు వచ్చిన పాత నీలం బ్రౌజర్ తెరుచుకుంది. కంపెనీ పేజీ వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మర్నాడే అదే కంపెనీ నుంచి పెద్ద ఆర్డర్ వచ్చింది. అంతే, ఆ బ్రౌజర్ చెయ్యి మంచిదని మా షావుకారు తీర్మానించేశాడు. అప్పటి నుంచి దాని పేరు బోణీ బ్రౌజర్.

ముహూర్తాలున్నవాళ్ళని మాత్రమే వెక్కిరిస్తున్నానని అనుకోకండి. మా చర్చిలో కొత్త ఆంప్లిఫయర్ కొన్నప్పుడు మా పాస్టరుగారు దాని నెత్తిన చెయ్యి పెట్టి, అది వేడెక్కేదాకా ప్రార్థన చేశారు. ఆ ఆరాధన ముగిసేలోగా అది కాలి వాసన కొట్టింది. సాతాను పనే అన్నారందరూ. వైరింగ్ చేసిన మా పెద్దనాన్న కూడా గట్టిగా ఆమెన్ అన్నాడు. యంత్రాల దగ్గరికొచ్చేసరికి మనవాళ్ళంతా ఒకే మతం.

కొన్నేళ్ళు గడిచాయి. కంపెనీలవాళ్ళు తమ పేజీలన్నీ మార్చేసుకున్నారు. పాత బ్రౌజర్‌కు ఆ కొత్త పేజీలు చదవడం చేతకాలేదు. మెయిల్లో లింకు నొక్కితే నీలం చట్రం తెరుచుకునేది, లోపల తెల్లగా, ఉతికి ఆరేసిన పంచెలా ఏమీ ఉండేది కాదు. మూలన చిన్న పసుపు త్రికోణం ఒకటి కనిపించేది. నాకది తప్పని చెప్పే గుర్తు. మా షావుకారుకు అది పసుపు కాబట్టి శుభం.

నేను ఓపిగ్గా చెప్పాను. ఓపిక నా గుణం కాదు గనక ఎంత కష్టపడి చెప్పానో నాకే తెలుసు. "షావుకారు గారూ, మెయిల్ ప్రోగ్రాం లింకుని తనంతట తాను తెరవదండి. ఎవరికి అప్పగించమంటారూ అని కంప్యూటర్‌ని అడుగుతాది. కంప్యూటర్లో ఒక బ్రౌజర్ పేరు పెట్టి ఉంటాది. ఆ పేరు మార్చీసామంటే చాలు, కొత్త బ్రౌజర్లో తెరుసుకుంటాది. మెయిళ్ళు ఎక్కడికీ పోవు."

ఆయన అంతా విని, "మారిస్తే బోణీ మారిపోతాది కదేటి?" అన్నాడు.

"బోణీకీ దీనికీ సంబంధం ఏటండీ?"

"నీకు తెల్దులే అమ్మాయ్. మీ వోలకి ఇలాటివి ఉండవు."

ఆయనకు వత్తాసు పలకడానికి ఒక నిపుణుడు కూడా ఉండేవాడు. ఆయన బావమరిది. విశాఖపట్నంలో కంప్యూటర్ కోర్సులో చేరి, కోర్సు అయ్యేలోగా ఇంటికొచ్చేసిన ఘనుడు. మెళ్ళో గొలుసుకు పెన్‌డ్రైవ్ వేలాడేసుకుని తిరిగేవాడు. అందులో ఏముందో ఎవరికీ తెలియదు, సినిమా పాటలని నా అనుమానం. ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా ముందు డెస్క్‌టాప్ మీద కుడి బటన్ నొక్కి రిఫ్రెష్ కొట్టేవాడు. ఎందుకని అడిగితే, "స్పీడు వస్తాది" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు అతని మొహంలో ఉండే గాంభీర్యం చూసి తీరాలి. ఆపరేషన్ చేసి బయటికొచ్చిన డాక్టర్లు కూడా అలా ఉండరు.

కొత్త బ్రౌజర్ తెచ్చి పెట్టింది కూడా అతనే, క్రికెట్ చూసుకోవడానికి. అది తెరిచిన ప్రతిసారీ, నన్ను మీ ముఖ్యమైన బ్రౌజర్‌గా పెట్టుకుంటారా, అని పైన ఒక ప్రశ్న వేసేది. అతను ప్రతిసారీ, నచ్చని సంబంధం వద్దన్నంత గంభీరంగా, వద్దు అని నొక్కేవాడు. కొన్నాళ్ళకు విసుగొచ్చి ఇక అడగవద్దని టిక్కు పెట్టేశాడు. అది కూడా పరువున్న బ్రౌజర్, మళ్ళీ అడగలేదు.

అలా మా ఆఫీసులో ఒక పద్ధతి స్థిరపడింది. ఏ మెయిల్ వచ్చినా అందులో లింకుని మొదట బోణీ బ్రౌజర్లో తెరవాలి. తెల్ల పేజీ రావాలి. షావుకారు ఆఫీసులో ఉంటే నా కుర్చీ వెనక నిలబడి దానికి దణ్ణం పెట్టుకుంటాడు. "బోణీ అయినాది, ఇక కానీ" అంటాడు. అప్పుడు నేను ఆ లింకు కాపీ చేసి కొత్త బ్రౌజర్లో తెరిచి అసలు విషయం చదివి చెప్పాలి. ఖాళీ పేజీకి దణ్ణం పెట్టే మనిషి వెనక నిలబడి ఉంటే జీతం కోసం ఎలా కూర్చోగలిగానా అని ఇప్పుడు అనిపిస్తుంది. కూర్చున్నాను, ఏం చేస్తాం. మా కాంపౌండ్‌లో ఉద్యోగాలు చెట్లకు కాయడం లేదు.

ఒకసారి చెప్పకుండా మార్చేశాను. పొద్దున్నే వచ్చి, ఎవరూ లేనప్పుడు, కొత్త బ్రౌజర్ పేరు పెట్టేశాను. సగం రోజు స్వర్గంలా గడిచింది. లింకు నొక్కితే పేజీ రావడం! అంత మామూలు విషయానికి అంత సంతోషపడ్డానంటే నా బతుకెంత దిగజారిందో చూడండి. మధ్యాహ్నానికి ఫోన్ వచ్చింది. ఉత్తరాన రేవుల నుంచి సరుకుతో వస్తున్న మా వ్యాన్ నౌపడ రైల్వే గేటు దగ్గర చెడిపోయి ఆగిపోయింది, ఐసు కరిగిపోతోంది, రొయ్యలు మెత్తబడుతున్నాయి. బావమరిది వెంటనే మేడెక్కి, రిఫ్రెష్ కొట్టి, సెట్టింగ్ కనిపెట్టేశాడు. వ్యాన్ రేడియేటర్ ఎందుకు పేలిందో కనిపెట్టమంటే వాడి వల్ల కాలేదు గానీ ఇది మాత్రం కనిపెట్టాడు.

"బావా, ఇదిగో! ఈవిడగారు బోణీ మార్చీసినాది!"

షావుకారు నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చాలా బాధపడిపోయి, "నీకు నానేటి తక్కువ సేసినానమ్మా?" అని అడిగాడు. ఆ వ్యాన్‌కు సర్వీసింగ్ చేయించక ఎన్ని నెలలైందో చెబుదామని నోటిదాకా వచ్చింది. మింగేశాను. నీలం బ్రౌజర్ మళ్ళీ సింహాసనం ఎక్కింది. ఆ తర్వాత ఆ సెట్టింగ్ జోలికి పోనని నా చేత మా దేవుడి మీద ఒట్టు పెట్టించారు. వాళ్ళ దేవుళ్ళ మీద పెట్టించుకుంటే నేను లెక్క చేయనని భయం కాబోలు.

ఇక ఆ ఇంట్లో బుర్ర ఉన్న ఒకే ఒక్క మనిషి గురించి చెప్పాలి. షావుకారు కూతురు. ఆ ఏడు డిగ్రీ పాసైంది. చదువుకునే రోజుల్లో కాలేజీ లేనప్పుడు మేడెక్కి వచ్చి నా పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది. నన్ను అక్కా అని పిలిచేది. కంపెనీలవాళ్ళు సరుకు వెనక్కి పంపినప్పుడు రాసే ఉత్తరాలు ఆ పిల్ల నాకన్నా శ్రద్ధగా చదివేది. మా సరుకు ఎందుకు పనికిరాదన్నారో అందులో ఉండేది, ఏదో మందు ఆనవాళ్ళనీ, ఏదో సూక్ష్మజీవి అనీ. షావుకారు వాటిని నమ్మేవాడు కాదు. మొప్ప ఎర్రగా ఉంటే చేప మంచిదే, మిగతాదంతా ధర తగ్గించడానికి వాళ్ళు ఆడే నాటకం అనేవాడు.

"నాటకం కాదక్కా," అనేది ఆ పిల్ల. "వోలకి తెలిసింది మనకి తెల్దు. అంతే. నాను ఎల్లి నేర్సుకొని వస్తాను."

నేర్చుకునే చోటు కేరళ వైపు ఉంది. చేపలను పరీక్షించే చదువు, మంచి పేరున్న సంస్థ, కొద్ది సీట్లు. ఆ ఏడు డిగ్రీ పూర్తయినవాళ్ళకే అర్హత. ఆడపిల్లను అంత దూరం పంపడమా అని ఇంట్లో చాలా రోజులు గొడవ జరిగింది. ఆ పిల్ల అన్నం మానేయలేదు, ఏడవలేదు. వెనక్కి వచ్చిన సరుకు తాలూకు కాగితాలు తెచ్చి తండ్రి ముందు ఒక్కొక్కటీ చదివి, దీనర్థం ఏటో సెప్పు నాన్నా, సెప్పు, అని అడిగింది. ఆయన చెప్పలేకపోయాడు. చివరికి సరే అన్నాడు. విశాఖపట్నం వెళ్ళి పరీక్ష రాసి వచ్చింది. ఎంపికైనవాళ్ళ జాబితాలో పేరు వచ్చింది. వచ్చిన రోజున షావుకారు రేవంతా తిరిగి చెప్పుకున్నాడు. నాకూ కళ్ళు చెమర్చాయి. నాకా పిల్లంటే ప్రాణం. ఆ సంగతి దాచుకోవడం ఎందుకు?

ఒక్క పొరపాటు జరిగింది. దరఖాస్తులో మెయిల్ అడ్రస్ అన్నచోట ఆఫీసుది ఇచ్చారు. మా వైపు అందరూ అంతే చేస్తారు. ఎవరికీ సొంత మెయిల్ ఉండదు. ఉన్నా దాన్ని నమ్మరు. నెట్ సెంటర్ వాడిదో, దుకాణందో, పెదనాన్న కొడుకుదో ఇచ్చేస్తారు. ఆ పిల్ల తనకు వేరే మెయిల్ తీసుకుంటానంటే, "మనకి ఉన్నాది కదేటి, బోణీది" అన్నాడు తండ్రి.

ఆ మెయిల్ వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. సీటు ఖాయమైందని శుభాకాంక్షలు. కింద ఒక లింకు. అది తెరిస్తే ఒక పేజీ వస్తుంది, అందులో చేరుతున్నాను అన్న బటన్ నొక్కాలి. మర్నాడు సాయంత్రంలోగా నొక్కకపోతే సీటు తర్వాతివారికి పోతుంది. ఇంకా కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. భద్రత కోసం ఈ లింకు ఒక్కసారి మాత్రమే తెరుచుకుంటుంది.

వెంటనే లింకు కాపీ చేసి కొత్త బ్రౌజర్లో తెరవబోయాను. కానీ అది నాకొచ్చిన సీటు కాదు. చేరుతున్నాను అనాల్సింది ఆ పిల్ల, ఒప్పుకోవాల్సింది ఆమె తండ్రి. కిందికి కబురు పంపాను. కబురు పంపితే మనుషులు వస్తారనుకున్నాను, ఊరేగింపు వచ్చింది. షావుకారు, ఆయన భార్య, బావమరిది, చేతిలో కొబ్బరికాయ, వెనక ఆ పిల్ల. ఇంత మంచి పని బోణీ బ్రౌజర్‌తోనే మొదలవ్వాలని మెట్లెక్కుతూనే నిర్ణయం అయిపోయిందట.

నేను ఆ చిన్న అక్షరాల వాక్యం మీద వేలు పెట్టి, తెలుగులో నెమ్మదిగా చెప్పాను. "ఇది ఒక్కసారే తెరుసుకుంటాదండీ. రెండోసారి తెరుసుకోదు. మన నీలందాంట్లో తెల్ల పేజీయే వస్తాది. ఈ ఒక్కదానికీ నేరుగా కొత్తదాంట్లో తెరుద్దాం. మీకు దణ్ణం పెడతాను."

షావుకారు బావమరిది వైపు చూశాడు. బావమరిది పెన్‌డ్రైవ్ నిమురుకున్నాడు.

"ఒక్కసారే అంటన్నారు కదా బావా," అన్నాడు. "మరైతే ఆ ఒక్కసారీ మంచి చేతి మీదే అవ్వాల. రెండోసారి ఉంటే ఎందులో తెరిసినా పరవాలేదు గానీ."

ఇంత గొప్ప తర్కం నేను నా జీవితంలో మళ్ళీ వినలేదు. షావుకారు తల ఊపాడు. ఆయన భార్య తల ఊపింది. ఎదురుగా గోడ మీద దేవుడు కూడా ఊపాడేమో, నేను చూడలేదు.

ఆ పిల్ల ముందుకొచ్చింది. "మావా, ఆగు. అక్క సెప్పింది నిజమే. నాన్నా, ఆగు. నాకు కాలేజీలో ఇలాటివి తెలుసు. అది రాదు." అని మౌస్ కోసం చెయ్యి చాపింది. బావమరిది మౌస్‌ను పక్కకు జరిపేశాడు.

"ఒసే, పెద్దోలం ఉండగా నీకెందుకే కంగారు?" అన్నాడు. "నాన్న సేతి మీద అవ్వనీ."

"నా సదువు మావా అది," అంది ఆ పిల్ల. గొంతు పెంచలేదు.

"నీ సదువు కోసమే కదే ఇదంతా!" అన్నాడు షావుకారు. ఆయన నిజంగా అలాగే నమ్మాడు. అదే నా ఒళ్ళు మండించింది. దుర్మార్గుడైతే తిట్టిపోసి ఊరుకోవచ్చు, ప్రేమతో గొంతు పిసికేవాణ్ణి ఏమంటాం?

కొబ్బరికాయ కొట్టారు. నీళ్ళు కీబోర్డు మీద పడకుండా నేను అడ్డం నిలబడ్డాను. నా బుద్ధి చూడండి, ఆ క్షణంలో కూడా కీబోర్డునే కాపాడాను. షావుకారు ఎన్నడూ మౌస్ పట్టని చేత్తో, చేప మొప్ప ఎత్తినంత జాగ్రత్తగా, లింకు నొక్కాడు.

నీలం చట్రం తెరుచుకుంది. లోపల తెల్లగా ఉంది.

దణ్ణాలు పెట్టుకున్నారు. "లోడు అవుతాది, నెట్టు స్లో," అన్నాడు బావమరిది. అందరూ నిలబడి ఎదురుచూశారు. కింద ఐసు కొట్టే చప్పుడు వినబడుతోంది. పసుపు త్రికోణం మూలన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. బావమరిది రిఫ్రెష్ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. చివరికి షావుకారు నా వైపు తిరిగి, "బోణీ అయినాది, ఇక కానీ అమ్మాయ్" అన్నాడు.

నేను లింకు కాపీ చేసి కొత్త బ్రౌజర్లో తెరిచాను. మర్యాదగల చిన్న వాక్యం ఒకటి వచ్చింది. ఈ లింకు ఇదివరకే ఉపయోగించబడింది.

అందరూ నా మొహం చూశారు. ఆ పిల్ల ఆ వాక్యం తనే చదువుకుని, స్టూలు లాక్కుని కూర్చుంది.

ఆ తర్వాత చేయాల్సిందంతా చేశాం. సంస్థకు ఫోన్ చేశాం. శనివారం మధ్యాహ్నం దాటింది, అక్కడ ఆఫీసు మూసేశారు. మోగి మోగి ఆగిపోయింది. జరిగినదంతా వివరంగా ఇంగ్లీషులో రాసి, దయచేసి ఇంకో లింకు పంపమని వేడుకుంటూ మెయిల్ పెట్టాను. మా షావుకారు బోణీ గురించి ఇంగ్లీషులో ఎలా రాయాలో తెలియక, సాంకేతిక ఇబ్బంది అని రాశాను. ప్రపంచంలో ఇంత మూర్ఖత్వానికి అంత గౌరవమైన పేరు ఇంకెవరూ పెట్టి ఉండరు. ఆదివారం వాళ్ళు చర్చికి వెళ్ళారో సముద్రానికి వెళ్ళారో, జవాబు లేదు. గడువు దాటిపోయింది. బావమరిది మాత్రం ఆ సైటును ఎవరో హ్యాక్ చేశారని రేవులో ప్రచారం చేశాడు. షావుకారు ఒక్కటే మాట అన్నాడు. "దాని రాతలో లేదు."

ఆ మాటకు నేను ఊరుకోలేకపోయాను. "రాత కాదండీ, సెట్టింగు," అన్నాను. ఆయన వినిపించుకోలేదు. రాత అనేస్తే ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు కదా. సోమరివాళ్ళకి ఇంత సుఖమైన మాట మన భాషలో ఇంకోటి లేదని నా అభిప్రాయం.

సోమవారం జవాబు వచ్చింది. షావుకారు, బావమరిది పైకి వచ్చారు. ఈసారి కొబ్బరికాయ లేదు. ఆ పిల్ల నా పక్కనే ఉంది.

"ఏటి రాసినారు?" అన్నాడు షావుకారు.

ఉన్నది ఉన్నట్టు చదివి తెలుగులో చెప్పాను. మీరు పేజీ తెరిచినట్టు మా దగ్గర నమోదైంది. గడువులోగా మీ అంగీకారం తెలపలేదు. సీటు తర్వాతి అభ్యర్థికి ఇచ్చాం. మీ ఇబ్బందికి చింతిస్తున్నాం. మా సంస్థ గురించి, మా ఇతర కార్యక్రమాల గురించి తెలుసుకోవడానికి ఇక్కడ నొక్కండి.

వాళ్ళ మీద కూడా నాకు మండింది. ఒక పిల్ల చదువుకు తలుపు మూసేసి, అదే చేత్తో ప్రకటన కాగితం ఇస్తారా? ఒక్క ఫోన్ చేసి ఉంటే ఏం పోయేది వాళ్ళ సొమ్ము? చదువుకున్నవాళ్ళ మొరటుతనం మర్యాదగా ఉంటుంది, అంతే తేడా.

"తెరిసినాం అని వోలే రాసినారు కదేటి మరి?" అన్నాడు షావుకారు.

"తెరిచారండీ. చేరుతున్నాను అని నొక్కలేదు."

"పేజీయే రానేదే. ఎక్కడ నొక్కుతాం?"

ఇన్నేళ్ళుగా నేను అంటున్న మాటను ఆయన మొదటిసారి తన నోటితో అన్నాడు. అన్నాక ఆయనకే ఏదో వినపడినట్టుంది. బావమరిది వైపు చూశాడు. బావమరిది కిటికీలోంచి ఐసు లారీని చూస్తున్నాడు.

అప్పుడు ఆ పిల్ల నా చేతి కింద నుంచి మౌస్ మెల్లగా లాక్కుంది. స్టార్ట్ నొక్కింది. డిఫాల్ట్ ప్రోగ్రాములు అన్నచోటికి వెళ్ళింది. జాబితాలో కొత్త బ్రౌజర్ పేరు మీద నొక్కి, దీన్నే ముఖ్యమైనదిగా పెట్టు అన్నదాని మీద నొక్కి, సరే అన్న బటన్ నొక్కింది. షావుకారు చెయ్యి ఒకసారి గాలిలోకి లేచింది, ఆపడానికే. అక్కడే ఆగి కిందికి దిగిపోయింది. ఆ సెట్టింగ్ మార్చడానికి కాఫీ గ్లాసు ఎత్తి దించేంత సేపు కూడా పట్టలేదు.

తర్వాత మెయిల్లోకి వచ్చి, ఆ చివరి లింకు నొక్కింది.

పేజీ స్క్రీన్ నిండా తెరుచుకుంది. పెద్ద తెల్ల భవనం, వెనక సముద్రం. పక్కన ఇంకో ఫొటోలో, స్టీలు బల్ల చుట్టూ తెల్ల కోట్లు వేసుకున్న ఆడపిల్లలు. ఒకమ్మాయి చేప మొప్ప ఎత్తి చిన్న గాజు గొట్టంలోకి ఏదో తీస్తోంది. వయసు మా పిల్ల వయసే. నూనె పెట్టి బిగించి వేసుకున్న జడ.

షావుకారు వంగి స్క్రీన్‌కు మొహం ఆనించినంత దగ్గరగా చూశాడు. ఆ చేపను చూశాడు, ఆ అమ్మాయిని చూశాడు. ఆయన ఊపిరికి గాజు మీద ఆవిరి పట్టింది.

"ఏటే... పేజీ ఇంత బాగా వస్తాదేటే?" అన్నాడు.

ఆ పిల్ల తండ్రి వైపు చూడలేదు.

"అందరికీ ఇలాగే వస్తాది నాన్నా," అంది.